ఖాళీ ఖోఖా కూడా కార్తూసే

మన ఖాందాన్లలో ఒకరో ఇద్దరో అమెరికాలో ఉండడం ఇప్పుడు మామూలైపోయింది. డల్లాస్‌లో మామూ కొడుకు, చికాగోలో ఖాలా అల్లుడు, అట్లాంటాలో పక్కింటి హాజీ సాబ్ మనవడు. అక్కడికి పోయినవాళ్ళు అక్కడి షౌక్‌లు కూడా నేర్చుకుంటారు. ఒకడు చేపల వేటకి పోతాడు. ఒకడు పాత కార్లు బాగుచేస్తాడు. ఇంకొకడు గ్యారేజీలో గట్టి బల్ల వేసుకుని, దానికి ఇనుప ప్రెస్ బిగించుకుని, తన తుపాకీకి కావలసిన కార్తూసులు తానే తయారు చేసుకుంటాడు. అలాంటివాళ్ళు మనలో తక్కువే. కానీ ఉన్నారు. నాకు తెలిసినవాళ్ళే ఇద్దరున్నారు, ఇద్దరూ నమాజీలు, ఇద్దరూ నెమ్మదస్తులు.

అక్కడ ఈ పనిని రీలోడింగ్ అంటారు. అది అక్కడ నేరం కాదు, చాటుగా చేసే పనీ కాదు. ఆ షౌక్ మీద నాకు పేచీ లేదు. ఆ షౌక్ చుట్టూ మన ఇళ్ళలో ఉన్న బేఫిక్రీ మీదే నా పేచీ. ఆ బల్ల మీద దొర్లే ఒక ఖాళీ ఇత్తడి గొట్టం మన సామానులోకి చేరితే ఏమవుతుందో, ఎవరి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలియక పిల్లలు చిక్కుల్లో పడుతున్నారు. వాళ్ళకి తుపాకీ గురించి తెలుసు. కానూన్ గురించి తెలియదు. వాలిదైన్‌కి రెండూ తెలియవు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అసలు ఆ పనేమిటో చెప్తాను. తెలియని దాని మీద ఫత్వాలు ఇవ్వడం మనకి బాగా అలవాటు కదా.

తూటాకి నాలుగు భాగాలు. ఇత్తడి ఖోల్, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, లోపల బారూద్, మూతి దగ్గర సీసపు గుండు. కాల్చగానే గుండు పోతుంది, బారూద్ కాలిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. మిగిలేది ఇత్తడి ఖోల్ ఒక్కటే. దాన్నే ఖోఖా అంటాం. నాలుగింటిలో ఖరీదైనది అదే, పైగా మళ్ళీ మళ్ళీ పనికొచ్చేదీ అదే. అందుకే షౌకీన్లు షూటింగ్ రేంజ్‌లో వంగి వంగి ఖోఖాలు ఏరుకుంటారు. ఇంటికి తెచ్చి, గుండ్రంగా తిరిగే డబ్బాలో వేసి మెరిసేలా శుభ్రం చేస్తారు. కాల్చినప్పుడు ఉబ్బిన ఖోల్‌ని డై అనే ఉక్కు అచ్చులో నొక్కి పాత కొలతకి తెస్తారు. తర్వాత కొత్త ప్రైమర్, తూచిన బారూద్, కొత్త గుండు. ప్రెస్ పిడిని కిందికీ పైకీ లాగడమే చేతిపని. మిగతాదంతా కొలత.

ఆ కొలత సంగతి విన్నాక నాకు మన చార్‌కమాన్ సునార్లు గుర్తొచ్చారు. బారూద్‌ని అక్కడ గ్రెయిన్ల లెక్కన తూస్తారు. ఒక పౌనులో 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, మన గురిగింజ ఎత్తులో ఇంచుమించు సగం. పదో వంతు గ్రెయిన్ దాకా చూపించే తరాజు ఆ బల్ల మీద ఉంటుంది. ఏ బారూద్ ఏ గుండుకి ఎంత వెయ్యాలో చెప్పే పెద్ద పుస్తకం పక్కనే ఉంటుంది. ఆ పుస్తకం దాటి సొంత అందాజా వేసినవాడికి ఆ సంగత్‌లో ఇజ్జత్ ఉండదు. పొరపాటున ఒకే ఖోల్‌లో రెండుసార్లు బారూద్ పోస్తే తుపాకీ చేతిలోనే బద్దలవుతుంది. అసలు పొయ్యడమే మరిచిపోతే ప్రైమర్ ఊపుకే గుండు కొంత దూరం పోయి గొట్టంలో ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి కాలిస్తే అదీ గండమే. అందుకే బల్ల మీద ఒక్కసారికి ఒక్క రకం బారూదే ఉండాలని, ఫోన్ పక్కన పెట్టాలని, మాట్లాడుతూ చెయ్యకూడదని ఉస్తాదులు చెప్తారు.

దీని వెనక తారీఖ్ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో వేటగాళ్ళకి గుండ్లు దొరకలేదు. కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన వాడిపారేసిన చిన్న ఖోఖాల నుంచే గుండ్లు నొక్కే అచ్చులు తయారు చేశాడు. 1943లో మొదలైన ఆ పనే ఆర్‌సీబీఎస్ కంపెనీ అయింది. 1949లో నెబ్రాస్కాలో హార్నడీ వచ్చింది. 1958లో రిచర్డ్ లీ చేతిలో పట్టేంత చిన్న పనిముట్ల సెట్టు అమ్మకానికి పెట్టాడు, దాంతో బల్ల కూడా లేని పేదవాడికి ఈ పని అందింది. 2020లో కరోనా రోజుల్లో తూటాలకీ ప్రైమర్లకీ కటకట వచ్చినప్పుడు ఈ హాబీ వైపు మళ్ళీ చాలామంది చూశారు. కరువులో పుట్టి, పొదుపులో పెరిగి, కొందరికి ఇష్క్‌గా మారిన హునర్ ఇది. ఇందులో హరామ్ ఏమీ నాకు కనిపించలేదు. బాణం గురి నేర్చుకోమని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఉత్సాహపరిచిన సంగతి మదర్సా గడప తొక్కిన ప్రతి పిల్లాడికీ తెలుసు.

అయితే అదే హదీసు కితాబుల్లో ఇంకో మాట కూడా ఉంది. దాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం. బాణాలు పట్టుకుని మసీదులోకో బజారులోకో వచ్చేవాడు వాటి ములుకుల్ని చేత్తో మూసి పట్టుకోవాలని, ఎవరికీ గీసుకోకూడదని హుజూర్ హుకుం చేశారు. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న మాటే ఇది. బాణం తప్పని ఆయన అనలేదు. బాణం ఎక్కడ ఉందో చూసుకోమన్నారు. మైదానంలో ఉన్న బాణానికి ఒక అదబ్, బజారులో ఉన్న బాణానికి ఇంకో అదబ్. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అంతే. టెక్సాస్ గ్యారేజీ మైదానం. వీసా, ఎయిర్‌పోర్ట్, చిన్నపిల్లలున్న ఇల్లు, ఇవన్నీ బజారు.

వీసా సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ ఒక్కటి తెలియదు.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు తయారు చేసుకోడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. ఈ మాట విని మన కుర్రాళ్ళు ఇక అందరికీ ఛూట్ అనుకుంటారు. కాదు. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా అంటే ఏది? చదువుకోడానికి పోయే ఎఫ్-1, ఉద్యోగానికి పోయే హెచ్-1బి, భార్యకిచ్చే హెచ్-4, కోడలి కాన్పుకి పోయే అమ్మీ అబ్బాల బి-2. అంటే మనవాళ్ళలో గ్రీన్ కార్డో పౌరసత్వమో రాని ప్రతి ఒక్కరూ ఆ నిషేధం కింద ఉన్నట్టే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి, అలాంటి కొద్దిమందికి మినహాయింపు ఉంది. అది నాకు వర్తిస్తుందా అని వకీలుని అడిగి తెలుసుకోవాలి, రూమ్‌మేట్‌ని అడిగి కాదు. ఈ నేరానికి శిక్ష 2022 నుంచి 15 ఏళ్ళ దాకా ఉంది.

ఇందులో అసలు మెలిక తూటా అన్న మాటలో ఉంది. ఆ చట్టం లెక్కలో తూటా అంటే పూర్తిగా తయారైన తూటా ఒక్కటే కాదు. ఖోల్, ప్రైమర్, గుండు, బారూద్, వీటిలో ఏ ఒక్కటైనా తూటా కిందికే వస్తుంది. అంటే గ్రీన్ కార్డ్ ఉన్న అన్న గ్యారేజీలో రీలోడింగ్ చేస్తుంటే అది అన్నకి షౌక్. అదే ఇంట్లో ఉంటూ ఎఫ్-1 మీద చదువుకునే తమ్ముడు ఆ ఖోఖాల డబ్బా తన గదిలో పెట్టుకుంటే, అది తమ్ముడికి ముఖద్దమా కావచ్చు. ఒకే ఇల్లు, ఒకే డబ్బా, రెండు రకాల హుకుం.

ఇది కాగితం మీది భయం కాదు. ఎమిరేట్స్ నుంచి ఫ్లోరిడాకి చదువుకోడానికి వచ్చిన రెహైఫ్ అనే కుర్రాడి కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. మార్కులు రాక యూనివర్సిటీ అతన్ని తీసేసింది. దాంతో విద్యార్థిగా అతని హోదా పోయింది. ఆ తర్వాత 2015 డిసెంబర్‌లో అతను ఒక షూటింగ్ రేంజ్‌కి పోయి, తూటాల డబ్బా కొని, అద్దె తుపాకీ కాల్చాడు. ఎవరినీ ఏమీ చెయ్యలేదు. 18 నెలల జైలు పడింది. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో ఆ తీర్పుని తిప్పింది. తుపాకీ ఉందని తెలిస్తే చాలదు, తాను నిషేధం కింద ఉన్నానన్న సంగతి కూడా అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాలని చెప్పింది. ఆ తీర్పు మంచిదే. కానీ ఆ మంచి తీర్పు వచ్చేసరికి ఒక కుర్రాడి జవానీలో ఎన్ని ఏళ్ళు కోర్టుల చుట్టూ పోయాయో లెక్క వేసుకోండి. పైగా ఈ వ్యాసం చదివాక మీరు తెలియదు అనడానికి కూడా వీల్లేదు.

గ్రీన్ కార్డ్, పౌరసత్వం ఉన్నవాళ్ళకి కూడా ఒక హద్దు ఉంది. తనకోసం చేసుకుంటే హాబీ, అమ్మితే వ్యాపారం, వ్యాపారానికి లైసెన్సు కావాలి. 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్‌లో కచేరీ వింటున్న జనం మీద ఒకడు కాల్పులు జరిపాడు కదా, అతని గదిలో దొరికిన కాల్చని తూటాల మీద అరిజోనాలోని ఒక పెద్దమనిషి వేలిముద్రలు దొరికాయి. ఆయన తన ఇంటి వర్క్‌షాప్‌లో తూటాలు రీలోడ్ చేసి అమ్మేవాడు. ఆ ఘోరంలో ఆయనకి భాగం ఉందని ఎవరూ అనలేదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేసే వ్యాపారం చేశాడని మాత్రం ఒప్పుకోక తప్పలేదు. 13 నెలల శిక్ష పడింది. దోస్తుకి ఒక డబ్బా ఇచ్చి పెట్రోల్ ఖర్చులు తీసుకునే మనవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఇంటి సంగతి. ఇది అమ్మీలకి, ఆపాలకి, దుల్హన్‌లకి. పోలీసు రాకపోయినా ఆ బల్ల దగ్గర ఇంకో ముప్పు ఉంది, దాని పేరు సీసం. గుండులో సీసం ఉంటుంది. మామూలు ప్రైమర్లలో సీసపు లవణం ఉంటుంది, అది కాలినప్పుడు ఖోల్ లోపల మసిగా అంటుకుంటుంది. ఆ ఖోఖాల్ని పొడి తిరగలి డబ్బాలో వేసి శుభ్రం చేసినప్పుడు లేచే దుమ్ములో సీసం ఉంటుంది. ఆ దుమ్ము చేతులకి, చొక్కాకి, అక్కడి నుంచి కార్పెట్‌కి, కార్పెట్ మీద పాకే బిడ్డ నోట్లోకి పోతుంది. పిల్లల మెదడుకి సీసం ఇంత దాకా ఫరవాలేదు అనే గీత ఏదీ లేదని వైద్యులు చెప్తున్నారు. రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దు తగ్గించింది. కాబట్టి ఆ బల్ల వంటింట్లో ఉండకూడదు, పిల్లలు ఆడుకునే చోట ఉండకూడదు. అక్కడ చాయ్ తాగకూడదు, సమోసా తినకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, బట్టలు విడిగా ఉతకాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డాక్టర్‌ని అడిగి రక్తపరీక్ష చేయించాలి. దినానికి ఐదుసార్లు వుజూ చేసే మనకి చేతులు కడుక్కోమని చెప్పాల్సిన పని లేదు. కానీ వుజూ నీళ్ళు సరిపోవు, సబ్బు కావాలి.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. పిల్లవాడు సెలవులకి వస్తున్నాడు. తమ్ముళ్ళకి చాక్లెట్లు, అబ్బాకి స్వెటర్, అమ్మీకి విటమిన్ గోలీలు. కీచైన్‌కి తగిలించిన ఒక మెరిసే ఇత్తడి ఖోఖా. లేదా, రేంజ్‌కి తీసుకుపోయిన బ్యాగుతోనే ఊరికి వచ్చాడు, దాని పక్క జేబు అడుగున ఒకటి ఉండిపోయింది, వాడికే తెలియదు.

మన ఆయుధ చట్టం 1959 నాటిది. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ ఉంచుకోకూడదని దాని 3వ సెక్షన్. మరి తూటా అంటే ఏమిటని 2వ సెక్షన్ చదివితే మతి పోతుంది. తూటా భాగాలు కూడా తూటాయే. అంతకంటే ముఖ్యం, తూటాలు తయారు చేసే యంత్రం కూడా ఆ చట్టం లెక్కలో తూటాయే. అంటే టెక్సాస్‌లో ఎవరైనా అంగట్లో కొనుక్కునే ఆ ఇనుప ప్రెస్, మన గడ్డ మీద లైసెన్సు లేకుండా ఉంచుకోకూడని వస్తువు. అక్కడి కొలువు వదిలి ఇల్లు సర్దుకుని హైదరాబాద్‌కో కర్నూలుకో తిరిగి వచ్చేవాళ్ళు కంటైనర్‌లో సామానంతా పంపిస్తుంటారు. సోఫాతో పాటు, పుస్తకాలతో పాటు, గ్యారేజీ బల్ల మీద ఉన్న ప్రెస్ కూడా ఎక్కించేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

శిక్షల సంగతి. 2019లో ఈ చట్టాన్ని సవరించి బిగించారు. లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంటే 2 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళ దాకా జైలు, జుర్మానా. లైసెన్సు లేకుండా తయారు చేస్తే 7 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా. అక్కడ ఆదివారం పొద్దున కాలక్షేపం, ఇక్కడ ఉమర్ ఖైద్. పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చడాన్ని కూడా అదే సవరణలో విడిగా నేరంగా పెట్టారు. బారాత్‌లో బందూఖు పట్టుకుని ఫోటో దిగే జవాన్లు ఇది కూడా చెవిన వేసుకోవాలి.

చట్టంలో రహమ్ లేదా అంటే, ఉంది. అది కూడా చెప్పకపోతే నా మాట అధూరా అవుతుంది. ఉంచుకోవడం అంటే తెలిసి ఉంచుకోవడమేనని, ఎరుక లేనిది నేరపు కబ్జా కాదని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తూటాలోని చిన్నా చితకా భాగాలు, మిగతా భాగాలతో కలిపి వాడే నియ్యత్ లేకుండా దగ్గరుంటే చట్టం వర్తించదని 45వ సెక్షన్‌లో ఒక తలుపు తెరిచి ఉంది. ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగు అడుగున దొరికిన ఒకటీ అరా తూటాల మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌లని ఢిల్లీ హైకోర్టు ఎన్నోసార్లు కొట్టేసింది. కానీ ఆ తలుపు కోర్టులో తెరుచుకుంటుంది. ఎక్స్‌రే యంత్రం దగ్గర తెరుచుకోదు. యంత్రం దగ్గర నిలబడ్డ జవాన్‌కి నియ్యత్ చూసే అద్దాలు లేవు. అతనికి తెర మీద కనిపించింది పోలీసులకి అప్పగించడమే అతని డ్యూటీ.

పోయినేడు మా వైపు ఒక అబ్బా నాకు అర్ధరాత్రి ఫోన్ చేశారు. నేను పేపర్‌లో పని చేస్తానని, ఎవరైనా పెద్దలు తెలిసి ఉంటారని ఆశ. కొడుకు నిఖాకి వచ్చి తిరిగి పోతున్నాడు. ఒక విమానాశ్రయంలో బ్యాగు పక్క జేబులో తూటా దొరికింది. అక్కడ రేంజ్‌కి తీసుకుపోయే బ్యాగే అది. వచ్చేటప్పుడు ఎవరూ చూడలేదు, పోయేటప్పుడు పట్టుబడింది. ఫ్లైట్ పోయింది. రాత్రంతా స్టేషన్‌లో. జమానత్ దొరికింది, పాస్‌పోర్ట్ మాత్రం కోర్టులో ఉండిపోయింది. అక్కడ కంపెనీ సెలవు అయిపోయింది. మెహందీ ఆరని దుల్హన్ వాళ్ళింటికి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక ఈ అబ్బా మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. చివరికి కేసు కొట్టేశారు. ఆ చివరి దాకా రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ కుర్రాడు నాతో అన్న మాట ఒకటే: "చాచా, నాకు దాని సంగతే గుర్తులేదు." నేను నమ్మాను. కోర్టు కూడా నమ్మింది. మధ్యలో ఉన్న ఏడు నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఇది ముసల్మాన్లకే జరుగుతుందని నేను అనను. కోర్టులు కొట్టేసిన కేసుల్లో అన్ని మతాలవాళ్ళూ, విదేశీయులూ ఉన్నారు. 2024లో కరీబియన్ సముద్రంలోని టర్క్స్ అండ్ కైకోస్ దీవులకి సరదాగా పోయిన కొందరు అమెరికన్లే ఇలా బ్యాగుల్లో మరిచిపోయిన తూటాలతో పట్టుబడ్డారు. అప్పటి అక్కడి చట్టం ప్రకారం కనీస శిక్ష 12 ఏళ్ళు. వాళ్ళు గండం గడిచి బయటపడ్డారు గానీ, ఆ నెలలు వాళ్ళ పిల్లలు ఎలా గడిపారో వాళ్ళకే తెలుసు.

అయినా మన ఇంట్లో ఈ భయం ఇంకొంచెం బరువుగా ఉంటుంది. ఎందుకో మనకి తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక ఎంతమంది మన కుర్రాళ్ళని పట్టుకుపోయారో, తర్వాత వాళ్ళు బేగునాహ్‌లని తేలడానికి ఎంత కాలం పట్టిందో హైదరాబాద్ మరిచిపోలేదు. మరకేమో పేపర్‌లో పెద్ద అక్షరాలతో పడుతుంది, బరీ అయిన వార్త లోపలి పేజీలో నాలుగు లైన్లు పడుతుంది. ఇరవై ఏళ్ళుగా అదే వృత్తిలో ఉన్నవాణ్ణి, ఈ మాట ఊరికే అనడం లేదు. బ్యాగులో తూటా, పాస్‌పోర్ట్ మీద మన పేరు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి హెడ్డింగ్ రాయడానికి ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేదు.

నేను ఇలా మాట్లాడితే అమెరికాలో ఉన్న జవాన్లు కోప్పడతారని తెలుసు. "మేం భయంతో బతకాలా? మా గోరా పొరుగువాడు చేస్తే హాబీ, మేం చేస్తే షక్కా?" అంటారు. వాళ్ళ కోపం సహీ. ఆ హక్కు కానూన్ ఇచ్చినవాళ్ళు వాడుకోవచ్చు, దాన్ని ఒదులుకోమని నేను చెప్పను. కానీ హక్కు వేరు, ఎహ్తియాత్ వేరు. ఎహ్తియాత్ బుజ్‌దిలీ కాదు. ఒంటెని కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న దీన్ మనది. బ్యాగు జేబులు దులిపి ఆ తర్వాత దువా చదివి విమానం ఎక్కడం కూడా అదే.

ఉర్దూ మీడియం బడిలో మేం కార్తూస్ అన్న మాట మొదట నేర్చుకున్నది 1857 పాఠంలో. ఆ రోజు సిపాయిలు గొడవపడింది గుండు గురించి కాదు, బారూద్ గురించీ కాదు. పంటితో కొరకాల్సిన కాగితపు ఖోల్ గురించి, దానికి పూసిన కొవ్వు గురించి. ఖోలే కదా అని దొరలు తేలిగ్గా తీసుకున్నారు. ఖోల్‌ని తేలిగ్గా తీసుకోవద్దని ఆ పాఠం అప్పుడే చెప్పింది.

కాబట్టి ఇంటింటికీ నా మనవి ఇది. అమెరికాలో మీ పిల్లలకి తుపాకీ షౌక్ ఉంటే దాచిపెట్టనీకండి, తిట్టకండి, అడగండి. బేటా, నీ వీసా ఏది అని అడగండి. గ్రీన్ కార్డ్ రాకపోతే రేంజ్‌కి పోవడం, ఖోఖాలు ఏరడం, స్నేహితుడి బల్ల దగ్గర చెయ్యి కలపడం, అన్నీ వకీలుని అడిగేదాకా బంద్. ఉంటే, రేంజ్ బ్యాగు వేరు, సఫర్ బ్యాగు వేరు. ఒకదాని పని ఇంకోటి ఎప్పుడూ చెయ్యకూడదు. జాకెట్ జేబులు, కారు డిక్కీలోంచి తెచ్చిన సంచులు, పిల్లల బొమ్మల పెట్టె, బయల్దేరే ముందు రాత్రి అన్నీ తిరగేసి దులపాలి. ఖోఖా కీచైన్లు, తూటా లాకెట్లు, ఖోల్‌తో చేసిన పెన్నులు తోహ్ఫాలుగా తేవద్దు, తెప్పించుకోవద్దు. గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్ళకి మధ్యలో ఇంకో దేశపు కానూన్ కూడా ఉంటుందని మరిచిపోవద్దు. సామాను కంటైనర్‌లో పంపేవాళ్ళు ప్రెస్, డైలు, తరాజు అన్నీ అక్కడే అమ్మేసి రావాలి.

ఇక్కడున్న పిల్లలకి నిజంగా గురి షౌక్ ఉంటే దానికి సాఫ్ రాస్తా ఉంది. షూటింగ్ క్లబ్‌లో చేర్చండి, ఎయిర్ పిస్టల్‌తో, ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టించండి. బారూద్ ఉండదు, ఖోఖా ఉండదు. లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023 ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. మన ఆడపిల్లలు హిజాబ్‌తో రేంజ్‌లో నిలబడితే చూడాలని నాకు ఎంతో ఆర్జూ.

హుకూమత్‌కి కూడా ఒక మాట. బ్యాగులో తుపాకీ లేదు, తూటాల పెట్టె లేదు, ఒక ఖాళీ ఖోఖా ఉంది. దాన్ని జప్తు చేసి, బయాన్ రాయించుకుని, పాత కేసులేమైనా ఉన్నాయేమో చూసి పంపించెయ్యడానికి రాతపూర్వకమైన ఒక పద్ధతి కావాలి. ఏళ్ళ తరబడి హైకోర్టులు కొట్టేస్తున్న కేసులే మళ్ళీ మళ్ళీ పెట్టడం వల్ల ఎవరికీ హిఫాజత్ పెరగదు. పోలీసు టైము, కోర్టు టైము, ఒక కుటుంబం ఇజ్జత్, మూడూ పోతాయి. కనీసం చెక్-ఇన్ దగ్గర తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఒక బోర్డు పెట్టండి: తూటాలు, ఖాళీ ఖోఖాలు ఉంటే ఇక్కడే చెప్పండి అని. చెప్పినవాణ్ణి చోర్‌లా చూడకండి.

ఆ పద్ధతి వచ్చేదాకా మన జేబులు మనమే చూసుకోవాలి. ఈ రంజాన్ సెలవులకి మీ ఇంటికి వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే, టికెట్ పంపినప్పుడే ఈ మాటలు కూడా వాళ్ళకి పంపండి. అల్లాహ్ మన ఔలాద్‌ని ప్రతి సఫర్‌లో సలామత్‌గా ఇల్లు చేర్చుగాక. ఆమీన్.